బస్సు తాగిన పానకం

కాళ్ళు తడిసినప్పుడు నీళ్ళసీసా కారిందేమో అనుకున్నాను. కడప నుంచి కోయిలకుంట్లకు పోతున్నాం, మా ఆయన సమాధి దగ్గర ఫాతిహా చదివించి రావడానికి. కారు నడిపేది నా మనవరాలు షంషాద్. చలికాలం పొద్దు. ముందు సీట్లో నా పాదాల కింది పట్టా తడిగా, గోరువెచ్చగా తగిలింది. ముందు అద్దం లోపలివైపు మసకబారుతుంటే షంషాద్ మాటిమాటికీ గుడ్డతో తుడుస్తోంది. దాంతోపాటు ఒక వాసన. తియ్యటి వాసన. వేడి నీళ్ళలో బెల్లం వేసినట్టు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు మా అత్త గుర్తొచ్చింది. కారాపమన్నాను. "ఏమైంది జేజీ, కడుపులో తిప్పుతాండాదా?" అని అడిగింది షంషాద్. "నాకేం కాలేదు. నీ బండికి అయింది. మూత తియ్యొద్దు, చల్లారనీ" అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. సంతకం పెట్టడం తప్ప అక్షరం రాని ముసలిదానికి బండి సంగతి ఏం తెలుసు అని ఆ చూపుకు అర్థం.

ప్రొద్దుటూరులో మెకానిక్కు చెప్పాడు. కార్లో హీటరు అని ఒకటి ఉంటుందట. చలిదేశాల్లో లోపల వెచ్చగా ఉండడానికి. అందులో అరచెయ్యంత చిన్న రేడియేటరు, సన్న సన్న గొట్టాలు. ఇంజనులో కాగిన నీళ్ళే అందులోకీ పోయి వస్తుంటాయి. మన కడపలో హీటరు ఎవరికి కావాలి, ఎండకే చస్తాం కదా. కానీ మనం వాడినా వాడకపోయినా చాలా బండ్లలో నీళ్ళు అందులో తిరుగుతూనే ఉంటాయంట. అది చిల్లు పడి నా కాళ్ళ మీదికి కారింది. స్టీరింగు ముందరి డబ్బాలన్నీ ఊడదీసి ఆ చిన్నదాన్ని బయటికి లాగి, సిమెంటు గచ్చు మీద టకటక కొట్టాడు. తెల్లటి పెచ్చులు రాలాయి, వాటితో తుప్పు బురద. "నీళ్ళు తగ్గితే ఏం పోస్తాండావు మేడమ్?" అని అడిగాడు. "ఇంట్లో కొళాయి నీళ్ళే. బోరువి" అంది షంషాద్. "కూలెంటు ఎప్పుడు మార్పించినావు?" అట్లాంటిది మార్చాలనే ఆ పిల్లకు తెలియదు. నేను వంగి ఆ తెల్ల పెచ్చును వేళ్ళ మధ్య నలిపి చూశాను. దాన్ని నేనెరుగుదును. నాకు మీసం మొలవని మొగుడు ఉన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఇంటికొచ్చాక, ఇదంతా చెబుతాను రాసుకో అన్నాను షంషాద్‌తో. రాస్తేనన్నా ఆ పిల్లకు గుర్తుంటుందని.

మాది దూదేకుల ఇల్లు. కోయిలకుంట్లలో మా మామ చనిపోయాక అత్త ఫకీరమ్మే దూది ఏకేది. వాకిట్లో విల్లు వేలాడేది, పొద్దున లేస్తే దాని నారి మోతే. గాలంతా దూదిపీచు, అన్నంలో కూడా పడేది. మా ఆయన మస్తాను మాత్రం విల్లు పట్టలేదు. చిన్నప్పుడే లారీల వెంట పోయి, నేను కాపురానికి వచ్చేసరికి ఊళ్ళో ఒక రెడ్డి గారి బస్సుకు డ్రైవరయ్యాడు. కోయిలకుంట్లలో పొద్దున బయలుదేరి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా కమలాపురం రైలుకు జనాన్ని అందించి, సాయంత్రానికి తిరిగొచ్చేది ఆ బస్సు. ఖాకీ చొక్కా ఉతికి గంజి పెట్టడం నా పని. ఆ చొక్కా మీద డీజిలు వాసన ఎంత ఉతికినా పోయేది కాదు, నాకూ పోవాలని లేదు.

మా ఊరి నీళ్ళ సంగతి చెప్పాలి. నల్లరేగడి నేల, తవ్విన ప్రతి బావీ ఉప్పు బావే. ఆ నీళ్ళతో తలంటుకుంటే జుట్టు పీచులా నిలబడేది, కందిపప్పు పొయ్యి మీద పెడితే పొద్దు గూకినా పలుకు పలుకుగానే ఉండేది. స్నానాల నీళ్ళు కాచే కాగులో ఏడాది తిరిగేసరికి లోపల సున్నం వేసినట్టు తెల్లటి చెక్కు కట్టేది. మా అత్త దాన్ని రాయితో కొట్టి రాల్చేది. తాగడానికి, వంటకు మాత్రం కుందూ ఏటికి పోవాలి. ఎండాకాలం ఏట్లో నీళ్ళు పారవు కదా. ఇసుకలో మోకాలి లోతు గుంత తీస్తే అడుగున నీరు ఊరుతుంది. దాన్ని చెలమ అంటాం. చిప్పతో ముంచి కడవలో పోసుకోవాలి. ఆ నీళ్ళకు పప్పు వెన్నలా ఉడికేది.

రెడ్డి గారి బస్సుకు రేడియేటర్లు నిలిచేవి కావు. ఎక్కడ దప్పికైతే అక్కడి బావిలో చేది పోసేవాళ్ళు. కొత్తది బిగించిన కొన్నాళ్ళకే ఇంజను కుతకుత ఉడకడం, మూత తీస్తే పొగ, దారిలో జనం దిగి చెట్టు నీడ కోసం వెతుక్కోవడం. మా ఆయన డ్రైవరైన ఏడాదే ఒకటి పోయింది. మద్రాసు నుంచి మళ్ళీ కొత్తది తెప్పించి బిగించిన దినం రెడ్డి మా వాకిట్లోకే వచ్చి నిలబడ్డాడు. "మస్తానూ, నీ చెయ్యి మంచిదే. కాదనను. అయితే ఇది గూడా పోయిందనుకో, స్టీరింగు ఇంగొకరికి ఇస్తా. నన్నేం అనుకోవద్దు" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. రెడ్డి పోయాక తిండి ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. డ్రైవరు కాకపోతే ఆయన మళ్ళీ ఆ విల్లు కింద కూర్చోవాలి. ఆయన ఛాతీకి దూదిపీచు పడదు. చిన్నప్పుడు దానికే దగ్గి దగ్గి చావు దాకా పోయి వచ్చాడని అత్త చెప్పింది.

ఆ మర్నాడు నేను కాగు తోముతూ ఆ తెల్ల చెక్కు చూసి అన్నాను. "ఏమయ్యా, నీ రేడియేటరు లోపల గూడా ఇట్లనే ఉంటుందా?" ఆయన వచ్చి కాగులో చెయ్యి పెట్టి చూశాడు. "ఇంతకంటే అన్యాయంగా ఉంటుంది. దాని గొట్టాలు జొన్నదంటు లావు గూడా ఉండవే" అన్నాడు. "పప్పు కుండలో ఇది లేదు కదా. మరి దానికి పప్పుడికే నీళ్ళే పోస్తే?" ఆయన నవ్వాడు. "మనుషులకే చాలవు. బస్సుకు ఎవరు మోస్తారు?" నేను మోస్తానన్నాను. అన్నానంటే అన్నానంతే.

ఆ దినం నుంచి ఇంటి కడవల తర్వాత బస్సు కడవ. వేసవి వచ్చేసరికి చెలమ దగ్గర ఆడవాళ్ళు నన్ను వదల్లేదు. "ఏమే హుసేనమ్మా, మీ బస్సుకు పప్పన్నం గూడా వండుతావా?" అని ఒకామె. "మొగునికి నీళ్ళు తోడతాదో లేదో, బండికి మాత్రం తోడతాది" అని ఇంకొకామె. అందరూ ముంచుకున్నాక, ఊట మళ్ళీ ఊరేదాకా ఇసుకలో కూర్చుని అప్పుడు ముంచుకునేదాన్ని. అరికాళ్ళు బొబ్బలెక్కేవి. వానొచ్చిందా, మా ఆయన పంచె నాలుగు మూలలూ గుంజలకు కట్టి, నడుమ గులకరాయి వేసి, కింద కాగు పెట్టేదాన్ని. గుడ్డ తడిసి రాయి దగ్గర నుంచి ధార కట్టేది. అది ఇంకా మంచిది. బస్సులో ఎప్పుడూ ఆ నీళ్ళ డబ్బా ఒకటి ఉండేది. దాన్లోవి తప్ప వేరే చుక్క పోయకూడదని మా ఆయన క్లీనరు ఓబులేసుతో ఒట్టు పెట్టించుకున్నాడు. ఓబులేసు నడివయసు మనిషి, అహోబిలం దగ్గరి ఊరు. "నరసింహసామి మీద ఒట్టప్పా, నా ఉచ్చ గూడా పోయను" అన్నాడు.

ఇట్లా ఉండగా పీర్ల పండుగ వచ్చింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, పండుగ నాడు ఎండ మండుతోంది. కర్బలాలో దప్పికతో ప్రాణాలు విడిచిన వాళ్ళ పేరు మీద, ఆ దినం దారిన పోయే వాళ్ళందరికీ పానకం పోస్తాం. తురకా, రెడ్డీ, మాలా, మాదిగా అని లేదు. మా అత్త పానకం ఊరంతటికీ పేరు. బెల్లం కరిగించి, శొంఠి, మిరియాలు దంచి వేసి, పెద్ద బానలో వాకిట్లో పెట్టేది. కొడుకుకు డ్రైవరు పని దొరికితే బానెడు పోస్తానని మొక్కింది, ప్రతి ఏడూ తీర్చుకునేది. ఆ దినం నేనూ బస్సులో కమలాపురం దాకా పోవాల్సి ఉంది, మా పుట్టింటికి. బస్సు మా ఇంటి ముందే ఆగింది. జనం దిగి లోటాలు పట్టుకున్నారు. ఓబులేసు కూడా. మా ఆయన పీర్ల చావిడికి పోయి ఊదు వేసి రావడానికి పోయాడు. నేను మూట కట్టుకోవడానికి లోపలికి పోయాను. అంతా తాగి బస్సెక్కాం.

జమ్మలమడుగు ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజను ఉడకడం మొదలైంది. మా ఆయన బండి పక్కకు ఆపాడు. పొగ. ఆ పొగతో పాటు వాసన. శొంఠి, మిరియం, మాడిన బెల్లం. ఓబులేసు ముక్కు ఎగబీల్చి, "మస్తానన్నా, ఏందిది? పాకం పట్టినట్టు ఉండాదే" అన్నాడు. వెనక సీటాయన ఒకడు, "అచ్చులు పోస్తే బెల్లం దిమ్మలు తియ్యొచ్చు" అన్నాడు. బస్సంతా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. "ఎవడో పోసినాడు. నా కడుపు మీద కొట్టేదానికే పోసినాడు" అన్నాడు. నేను దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను. "ఎవుడూ కాదు. ఆ శొంఠి మీ అమ్మది." ఆయన మూత అంచున కారిన జిగటను గుడ్డతో తీసి వాసన చూశాడు. తర్వాత, "దానికి గూడా దప్పికయిందనుకుందేమో" అన్నాడు. అంతే, అమ్మను ఒక్క మాట అనలేదు.

బస్సులో శనక్కాయల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. ఆయనకు రైలు దొరకాలి. దగ్గర్లో జొన్న చేలో ఒక బావి కనిపిస్తోంది. "ఆ నీళ్ళు నాలుగు చేది పొయ్యప్పా, పోదాం. నీ బెల్లం, నీ శొంఠి నాకు పనిలేదు" అని ఆయన మా ఆయన మీదికి వచ్చాడు. రైలు తప్పితే ఆ మాట రెడ్డి దాకా పోతుంది. పానకం గొట్టాల్లో గట్టిపడితే రేడియేటరే పోతుంది. ఎటు చూసినా స్టీరింగు పోయేదే. మా ఆయన చేద తీసుకుని బావి వైపు రెండడుగులు వేశాడు. నేను అడ్డం నిలబడ్డాను. "ఇంజను కాలుతాండాది. ఇప్పుడు చల్లనీళ్ళు పడితే పగులుతుందని నువ్వే కదా చెప్పినావు. చల్లారనీ." వ్యాపారి, "ఆడదాని మాట విని బస్సు నడుపుతాండావా?" అన్నాడు. "ఆమె మాట విన్నందుకే ఇన్నాళ్ళు నడిచింది" అని మా ఆయన చేద కింద పెట్టాడు.

చల్లారేదాకా కూర్చున్నాం. ఆ ఎండలో, ఆ తిట్లలో. తర్వాత అడుగున కొళాయి విప్పి పానకమంతా వదిలేశాడు. నల్లగా, జిగటగా దిగింది. రోడ్డు మీద అప్పుడే చీమలు. "కడిగేదానికి బావి నీళ్ళైనా సరే, బెల్లం కరిగిపోతుంది. లోపల నిలిచేవి మాత్రం మంచినీళ్ళే ఉండాల" అన్నాడు. ఓబులేసు చేది తెస్తే, పోయడం, ఇంజను కాసేపు తిప్పి వెచ్చబరచడం, వదిలెయ్యడం. రంగు పోయేదాకా అదే పని. ఉప్పు నీళ్ళు పోవడానికి మా డబ్బాలోని మంచినీళ్ళతో ఆఖరి కడుగు. దాంతో డబ్బా ఖాళీ. నింపడానికి నీళ్ళు లేవు.

నేను ఖాళీ డబ్బా పట్టుకుని బస్సెక్కాను. దారి ప్రయాణం కదా, అందరి దగ్గరా మరచెంబులు ఉన్నాయి. "అయ్యా, అమ్మా, ఈ దినం దప్పికైనోళ్ళకు నీళ్ళిచ్చే దినం. మీరంతా మా ఇంట్లో పానకం తాగినారు. బస్సుకు దప్పికయింది, ఇన్ని పొయ్యండి" అన్నాను. ఒక్కరూ కదల్లేదు మొదట. చంటిబిడ్డ తల్లి ఒకామె చెంబు చాపింది. నేను దాన్ని పట్టుకోకుండా, "ఇవి యాడి నీళ్ళు తల్లీ? వీటికి పప్పుడుకుతుందా?" అని అడిగాను. ఆమె తెల్లబోయింది. వెనకాయన, "అడుక్కునేదానికి ఇన్ని ఆరాలా?" అన్నాడు. "అడుక్కునేది నాకు కాదు కదన్నా, అందుకే" అన్నాను. ఆమెవి కుందూ నీళ్ళే. బిడ్డకు కొన్ని ఉంచుకోమని మిగతావి పోయించుకున్నాను. ఇంకొకాయనవి ఇంటి బావివట, వద్దన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "మా బావి నీళ్ళు తాగి మా నాయన నూరేండ్లు బతికినాడు" అన్నాడు. "మీ నాయన ఇనుము కాదు కదా" అంటే బస్సు మళ్ళీ నవ్వింది, ఈసారి నా తరఫున. ఆఖరికి వ్యాపారి కూడా తన ఇత్తడి చెంబు మూత విప్పాడు. "పట్టు తల్లీ, రైలు ఎట్లాగూ పోయింది" అన్నాడు.

రైలు పోయింది నిజంగానే. చీకటి పడి బస్సు ఆ రాత్రి కమలాపురంలోనే నిలిచిపోయింది. ఆ కబురు మాకంటే ముందే కోయిలకుంట్ల చేరింది. మర్నాడు నేను పుట్టింట్లో ఉండలేక అదే బస్సులో తిరిగొచ్చేసరికి రెడ్డి షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. "విప్పు. లోపల ఏముందో నా కండ్లతో నేను చూడాల" అన్నాడు మేస్త్రీతో. మా ఆయన తాళంచెవి తీసి, అడగకముందే బానెట్టు మీద పెట్టేశాడు. మేస్త్రీ రేడియేటరు దించి పైతొట్టిని అతికించిన సీసపు టాకాలు కరిగిస్తుంటే మా అత్త వచ్చింది, చీర నిండా దూదిపీచుతో. ఎవరు చెప్పారో ఆమెకు. నేరుగా రెడ్డి ముందుకు పోయి నిలబడింది. "నాయనా, పోసింది నేను. వాడు కాదు. దినామూ పొగలు కక్కుతా వస్తాది, దప్పికని అనుకున్యా. అందరికీ పోసి దాన్ని వదిలిపెడితే మొక్కు తీరుతుందా? అనేదేమైనా ఉంటే నన్నను" అంది. రెడ్డి మీసం తుడుచుకున్నాడు.

అప్పుడు మేస్త్రీ పైతొట్టి తీశాడు. మేమంతా వంగాం. గొట్టాల నోళ్ళు వరుసగా తెరుచుకుని ఉన్నాయి. ఎర్రటి రాగి. అక్కడక్కడా గోధుమరంగు మరక తప్ప ఒక్క తెల్ల పొర లేదు. షెడ్డు మూలన పాత రేడియేటరు పడి ఉంది, మేస్త్రీ దాన్ని కాలితో లాగి పక్కన పెట్టాడు. దాని గొట్టాలు సున్నంతో పూడ్చేసిన చీమల పుట్టల్లా ఉన్నాయి. రెడ్డి దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూశాడు. "మస్తానూ, దీనికి ఏం నీళ్ళు పోస్తాండావు?" అన్నాడు. "పోసేది నేను, మోసేది ఆమె" అని మా ఆయన నన్ను చూపించాడు. అప్పుడే మొదటిసారి నలుగురిలో నా వైపు చెయ్యి చూపించడం. పానకం పోయకపోతే ఆ రేడియేటరు ఎవరు విప్పేవాళ్ళు? విప్పకపోతే నా అరికాళ్ళ బొబ్బలు ఎవరికి తెలిసేవి? రెడ్డి తాళంచెవి తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. మా అత్తతో, "అమ్మా, వచ్చే ఏడు ఆ పానకం నాకియ్యి. బండికొద్దు" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ మా అత్త జనానికి పానకం పోసి, బస్సుకు మాత్రం చప్పటి చెలమ నీళ్ళు కడవతో తెచ్చి ఓబులేసు చేతికిచ్చేది. అదీ మొక్కే.

ఆ రేడియేటరు నాకు ఇద్దరు బిడ్డలు పుట్టేదాకా నిలిచింది. ఇప్పుడు కుందూలో చెలమలు తీసేవాళ్ళు లేరు, ఇసుకే లేదు. తాగే నీళ్ళు డబ్బాలో ఇంటికొస్తాయి. పంచె కట్టి వాన పట్టనక్కరలేదు, బండి నీళ్ళు సీసాలో అమ్ముతారు, రంగు వేసిన మందుతో కలిపి. తుప్పు రాకుండా, సున్నం కట్టకుండా ఆ మందే చూసుకుంటుందట. నేను కుందూ దాకా నడిచాను, షంషాద్ అంగడి దాకా నడిస్తే చాలు. ఆ కాస్త నడక కూడా మన పిల్లలకు బరువైంది, దగ్గర్లో కొళాయి ఉంది కదా అని. మేం దూరం పోయి తెచ్చుకున్నాం కాబట్టి మాకు దాని విలువ తెలుసు అని నేను అనను. మాకు స్టీరింగు పోతుందన్న భయం ఉండేది. ఈ పిల్లలకు ఆ భయం లేదు. లేకపోవడం మంచిదే. కానీ భయం లేనప్పుడు పట్టుదలన్నా ఉండాలి కదా.

అందుకని నేనే పట్టుబట్టాను. కొత్త హీటరు బిగించేముందు లోపలంతా కడిగించాను, సీసా మీద ఏం రాసుందో షంషాద్‌తో పైకి చదివించాను, ఎన్నాళ్ళకు మార్చాలో మెకానిక్కు నోటితో చెప్పించాను. నెలకోసారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్టు ఎత్తిస్తాను. నీళ్ళ డబ్బా మీది గీత దగ్గర నీరుందో లేదో ఆ పిల్ల చూసి చెప్పాలి, నేను కర్ర ఆనించి పక్కన నిలబడతాను. "జేజీ, నీకు దీని మీద నాకంటే ఎక్కువ ప్రేమ" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. చెలమ దగ్గర ఆడవాళ్ళ మాటలే పడ్డాను, దీని మాట పడలేనా.

నిన్న మళ్ళీ కోయిలకుంట్లకు బయలుదేరాం. పోయినసారి దారిలోనే వెనక్కి తిరిగాం కదా, ఆ ఫాతిహా బాకీ ఉండిపోయింది. సీట్లో కూర్చోకముందే వంగి, కాళ్ళ కింది పట్టాను ఎత్తి, దాని అడుగున అరచెయ్యి ఆనించి చూశాను. పొడిగా ఉంది. దుమ్ము అంటింది. ఆ చెయ్యి చీరకు తుడుచుకుని, పోదాం పద అన్నాను.